బందరు రోడ్డు మ్యూజియంలో నెలకో ఆదివారం మాకివ్వండి

పురావస్తు, మ్యూజియంల శాఖ కమిషనర్ గారికి,

నమస్కారం. 1887లో విక్టోరియా రాణి జూబిలీ గుర్తుగా మొదలైన భవనం మా బెజవాడలో బాపు మ్యూజియంగా నిలిచి ఉంది. 1921లో ఇదే ఊళ్లో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా చూపించారు. అంత చరిత్ర ఉన్న ఊరికి మ్యూజియం అంటే స్కూలు పిల్లలు వరసగా వచ్చి వెళ్లే చోటు మాత్రమే కాకూడదని నా ఆశ.

నెలకో ఆదివారం 'మీ ఇంటి వస్తువు తెచ్చుకోండి' అని పిలవండి చాలు. మా అమ్మమ్మ ఇత్తడి సోల నా దగ్గరుంది. అంచు సొట్టపోయింది, అడుగున తాతయ్య పేరు చెక్కి ఉంది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని మా అమ్మాయికి చెబితే నవ్వింది. బియ్యం పోసి కొలిచి చూపించాక, "మళ్లీ కొలువు" అంది!

పెద్దవాళ్లు కృష్ణా పుష్కరాల ముచ్చట్లు చెబితే ఫోన్లో రికార్డు చేయడానికి కాలేజీ పిల్లలున్నారు. ఖర్చు పెద్దగా ఉండదు; కుర్చీలు, మంచినీళ్లు, కాస్త నీడ. ఎండల్లో మాత్రం సాయంత్రం పెట్టండి, బెజవాడ ఎండ సంగతి మీకు తెలియంది కాదు.

మే 18న అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం. ఆ రోజే మొదలుపెడితే సోల పట్టుకుని నేను ముందు వస్తాను.

ఇట్లు,
గవర్నరుపేట వాసి