సెన్సస్ బ్యూరో డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ: చిన్న కౌంటీల కుటుంబ ఆదాయం లెక్క గురించి

అమెరికా సెన్సస్ బ్యూరో డైరెక్టర్ గారికి,

నమస్కారాలు. నేను అపలాచియన్ కొండల్లో, 20 వేల జనాభా కూడా లేని ఒక కౌంటీలో (మన జిల్లా వంటిది) వైద్యుణ్ణి. వైద్యులు కొరవైన చోట పనిచేసే విదేశీ వైద్యులకు ఇచ్చే కాన్రాడ్ 30 వీసా మినహాయింపు కింద మూడేళ్ళ ఒప్పందం మీద వచ్చి, గడువు తీరాక కూడా ఇక్కడే ఉండిపోయాను. నాలాగే మారుమూల కౌంటీల్లో పనిచేసే తెలుగు వైద్యులు ఎందరో ఉన్నారు కనుక, వారూ చదివి గొంతు కలపాలని ఈ లేఖ తెలుగులో రాస్తున్నాను. మా క్లినిక్ కోసం ఇంగ్లీషులో పెట్టుకున్న వినతుల్లో చాలావాటికి నిధులిచ్చే సంస్థ నుంచి జవాబే లేదు. వచ్చిన జవాబుల్లో ఉన్నది ఒకటే మాట: మీ కౌంటీ మధ్యగత కుటుంబ ఆదాయం అర్హత పరిమితిని దాటింది, కాబట్టి కుదరదు. సగం కుటుంబాలు దానికి పైనా, సగం కిందా ఉండే ఆ మధ్య అంకె మీ బ్యూరో ప్రకటించినది కనుక మీకే మొరపెట్టుకుంటున్నాను.

జనాభా 65 వేలు దాటిన కౌంటీకి మీ బ్యూరో జరిపే అమెరికన్ కమ్యూనిటీ సర్వే ఏటా కొత్త అంకె ఇస్తుంది. 20 వేలు దాటితే సంక్షిప్త పట్టికలైనా దక్కుతాయి. మాకు మాత్రం ఐదేళ్ళ సమాధానాలు కలిపిన అంకే గతి. 2024 డిసెంబరులో వెలువడిన అంకె 2019 నుంచి 2023 దాకా సేకరించిన సమాధానాలది. 2019 జనవరిలో ఫారం నింపిన కుటుంబం అంతకు ముందు పన్నెండు నెలల ఆదాయం చెప్పింది కాబట్టి, అందులో 2018 నాటి జీతాలు కూడా ఉన్నాయి. అప్పటికి మా బొగ్గు గని నడుస్తోంది, ఆ తర్వాత మూతపడింది. ఆనాటి జీతాలను ధరల పెరుగుదలకు తగ్గట్టు 2023 డాలర్లలోకి పెంచి లెక్కలో కలిపారు. ఆ జీతం అందుకున్న మనిషి మాత్రం ఈ రోజు నా దగ్గరికి వచ్చి, ఫీజు వచ్చే నెల ఇస్తానని తల దించుకుని చెబుతున్నాడు.

మీ బ్యూరోదే మరో లెక్క, చిన్న ప్రాంతాల ఆదాయ, పేదరిక అంచనాలు, ఏటా వస్తున్నాయి కదా అని మీ అధికారులు అనవచ్చు. సర్వేకు చిక్కిన ఇళ్ళు తక్కువైన చోట ఆ పద్ధతి జనం ఇచ్చిన సమాధానాలకు తక్కువ బరువు, పన్ను రిటర్నుల వంటి రికార్డులతో కట్టిన గణిత నమూనాకు ఎక్కువ బరువు ఇస్తుంది. గణితంగా అది సబబైన పద్ధతేనని ఒప్పుకుంటాను. అయితే రిటర్ను వేయాల్సినంత ఆదాయమే లేని మనుషులు ఆ రిటర్నుల్లో కనిపించరు, మా క్లినిక్ వరండాలో కూర్చునేవారిలో అలాంటివారు తక్కువేమీ కాదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టే సంగతి మరొకటి ఉంది. ఇల్లు నిలుపుకోలేక ఓ కొడుకు భార్యాబిడ్డలతో తల్లి ఉండే ట్రైలర్ ఇంట్లోకి వచ్చి చేరాడనుకోండి. తల్లికి సోషల్ సెక్యూరిటీ పింఛను వస్తుంది, కోడలు గ్యాస్ స్టేషన్‌లో పనిచేస్తుంది, కొడుకుకు ఎప్పుడో ఒకప్పుడు కూలి దొరుకుతుంది. పదిహేనేళ్ళు దాటిన వారందరి రాబడి కలిపి మీరు దాన్ని ఒకే కుటుంబ ఆదాయంగా రాస్తారు. రెండు బీద కుటుంబాలు మాయమై, కాగితం మీద కాస్త మెరుగైన కుటుంబం ఒకటి పుడుతుంది. చితికిపోయినవాళ్ళు ఊరే విడిచిపోతే, మిగిలినవారి మధ్యగతం ఇంకాస్త పైకి లేస్తుంది. ఆ కొడుకుకు చక్కెర జబ్బు. బీమా లేదు. ఇన్సులిన్ నెలాఖరుదాకా సరిపెట్టుకోవాలని మోతాదు తగ్గించి వేసుకుంటున్నానని నాకు నోటితో చెప్పిన మనుషులు ఉన్నారు. వాళ్ళ కౌంటీకి ఆదాయం ఎక్కువైందని నేను వాళ్ళకు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

ఈ సర్వేలో మీరు ప్రకటించే అంకెల పక్కన 90 శాతం నమ్మకంతో ఇంత అటూ ఇటూ ఉండవచ్చని మీరే ముద్రిస్తారు. మా వంటి చిన్న కౌంటీలకు ఆ తేడా చాలా పెద్దది. మా అర్హత పరిమితి సరిగ్గా ఆ తేడా లోపలే పడింది. అంటే మేము అర్హులం కామని మీ పట్టిక చెప్పనే లేదు. నిధులిచ్చేవారు పక్క గడి వదిలేసి మొదటి గడి మాత్రమే చదువుతున్నారు.

నిధులు పంచడం మీ పని కాదని తెలుసు. అయినా మీ మాటకున్న విలువ మా వినతులకు లేదు. అర్హత పరిమితి ఆ తేడా లోపల పడినప్పుడు ఆ ఒక్క అంకెతో ఎవరినీ తిరస్కరించరాదని సంస్థలన్నిటికీ రాతపూర్వకంగా చెప్పండి. చిన్న కౌంటీల్లో మరిన్ని ఇళ్ళను సర్వేలోకి తీసుకోండి. ఒక కప్పు కింద ఎందరు బతుకుతున్నారో లెక్కలోకి తీసుకున్న ఆదాయాన్ని కూడా కౌంటీల వారీగా అదే పట్టికలో, అదే వరుసలో చూపించండి. వీటిలో ఏది ముందు వీలైతే అది చేయండి. తర్వాతి పట్టికలు విడుదలయ్యేలోపు కనీసం మొదటిదైనా చేయమని చేతులు జోడించి వేడుకుంటున్నాను.

భవదీయుడు,
ఒక గ్రామీణ కౌంటీ వైద్యుడు