ప్రయోగశాలల్లో ఉష్ణ నియంత్రణ అమరిక

సంపాదకులకు,

గుంటూరులోని ఒక కళాశాల ప్రయోగశాలలో పనిచేస్తున్న నన్ను ఇటీవలి అనుభవం ఒకటి ఈ లేఖ రాయడానికి పురిగొల్పింది. మట్టి నమూనాల తేమ తెలుసుకోవడానికి ఓవెన్‌ను 105 డిగ్రీలకు పెట్టాం. దాని వేడిని అదుపు చేసే కంట్రోలర్ 'ఆన్-ఆఫ్' పద్ధతిలో ఉండటంతో తెరపై అంకె 113 దాకా ఎగబాకి, రిలే (హీటర్‌కు కరెంటును కలిపే, తెంచే స్విచ్) టక్కుమని ఆగిన కాసేపటికి 99కి జారింది. సెట్ చేసిన వేడి దాటాక హీటర్‌ను పూర్తిగా ఆపడం, తగ్గాక పూర్తిగా వెలిగించడం తప్ప ఈ పద్ధతికి వేరే మార్గం లేదు.

కంట్రోలర్లలో ఉండే మరో పద్ధతి పీఐడీ అలా కాదు. లక్ష్యం దగ్గరపడేకొద్దీ అది హీటర్‌కు అందే శక్తిని క్రమంగా తగ్గిస్తుంది. అయితే పీఐడీ ఎంచుకున్నంత మాత్రాన సరిపోదు. ఓవెన్‌లో రోజూ ఉండేంత బరువు ఉంచి, విలువైన నమూనాలు మాత్రం బయటపెట్టి, మామూలుగా వాడే ఉష్ణోగ్రత వద్దే 'ఆటోట్యూన్' (కంట్రోలర్ తన అమరికలను తానే సరిచేసుకునే ప్రక్రియ) నడిపించాలి; ఆ సమయంలో వేడి హెచ్చుతగ్గులకు లోనవడం సహజం. మామూలు రిలే ఉన్నచోట సైకిల్ టైమ్ (హీటర్ ఒకసారి వెలిగి ఆరే చక్రానికి పట్టే సమయం) మరీ తక్కువ పెడితే రిలే త్వరగా అరిగిపోతుంది. వీటన్నిటికంటే ముందు సెన్సార్ రకం చూడాలి, ఎందుకంటే కె-రకం థర్మోకపుల్ (వేడిని కొలిచే లోహపు తీగల సెన్సార్) బిగించి మెనూలో జె-రకం ఎంచుకుంటే తెరపై కనిపించేదే తప్పు.

విద్యార్థుల ఫలితాలు దీనిపైనే ఆధారపడతాయి కనుక, విజయవాడ, గుంటూరు కళాశాలలు ప్రతి ఓవెన్ తలుపుపై ఈ అమరికల వివరాలను తెలుగులో అంటించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ప్రయోగశాల సహాయకుడు, గుంటూరు