మేయర్ గారూ, ఓపియాయిడ్ సొమ్ము లెక్క చెప్పండి

గౌరవనీయులైన మేయర్ గారికి నమస్కారం.

మీకు రెండు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. అందుకే అందరి ముందూ రాస్తున్నాను.

ఓపియాయిడ్ మందుల (అలవాటైతే వదలని, బలమైన నొప్పి మాత్రల) వ్యాపారం చేసిన కంపెనీలతో 2021లో కుదిరిన 2,600 కోట్ల డాలర్ల పరిహారపు ఒప్పందంలో అమెరికాలోని మన నగరమూ చేరింది. మంచి నిర్ణయం. అయితే అందులో కనీసం 85 శాతం ఈ వ్యసనం తెచ్చిన నష్టాన్ని తగ్గించడానికే వాడాలి.

మా పక్కింటి అబ్బాయికి నడుంనొప్పికి రాసిచ్చిన మాత్రలతోనే ఈ వ్యసనం మొదలైంది. అతను పోయి ఏడాదైంది. వాళ్ళమ్మ ఇప్పటికీ హ్యాండ్‌బ్యాగులో, ఇంటి తాళాల పక్కనే, నాలోక్సోన్ స్ప్రే (ఈ మందు మోతాదు మించినవాళ్ళ ప్రాణం కాపాడేందుకు ముక్కులో కొట్టే మందు) పెట్టుకుని తిరుగుతోంది. ఇంకెవరి బిడ్డకైనా అవసరపడుతుందేమోనని.

ఇప్పటిదాకా ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది, వచ్చే కౌన్సిల్ మీటింగులో చెప్పండి. ప్రతి లైబ్రరీలో ఆ స్ప్రే ఉచితంగా పెట్టించండి.

ఇట్లు,
మీ నగరంలో ఉంటున్న ఒక తెలుగు తల్లి