సైలెన్సర్లు తొక్కించండి సరే, దారి కూడా చూపించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈ మధ్య మళ్ళీ ఆ ఫోటో వేశారు మీ పేపర్లో, పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లన్నీ రోడ్డు మీద వరసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించేది. మంచి పనే అండి. బండ్ల పని చేసి బతికేవాణ్ణి అయ్యుండి కూడా ఈ మాట మనస్ఫూర్తిగానే అంటున్నా. విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు నాది, వెల్డింగు, ఫ్యాబ్రికేషను, టూవీలర్ రిపేర్లు. బుల్లెట్ సైలెన్సర్‌లో శబ్దం తగ్గించే జాలీ గొట్టం పీకేసి, రన్నింగులో తాళం ఆఫ్ చేసి ఆన్ చేసి పటపటా పేల్చుకుంటూ ఆసుపత్రి ముందు నుంచి పోయేవాడి మీద నాకేం జాలి లేదు. వాడికి మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారికే పది వేల దాకా జరిమానా గానీ మూడు నెలల దాకా జైలు గానీ వెయ్యొచ్చు, లైసెన్సు మూడు నెలలు పోద్ది, పోనివ్వండి.

నా బాధ వేరే. షెడ్డుకొచ్చే కుర్రాళ్ళలో అందరూ అలాంటోళ్ళు కాదు. కొంతమంది నిజంగా అడుగుతారు, "అన్నా, నాకు బండి ఇలా మార్చుకోవాలని ఉంది, ఆర్టీవో ఆఫీసులో చూపించి ఆర్‌సీలో ఎక్కించుకుని దర్జాగా తిరగాలని ఉంది, ఏం చెయ్యాలి, ఎంతవుద్ది" అని. దానికి నా దగ్గర సమాధానం లేదు, ఎందుకంటే చట్టంలోనే లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఏమంటదంటే, ఆర్‌సీలో ఉన్న వివరాలకీ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకీ తేడా వచ్చేలా బండి మార్చకూడదు, అంతే. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే గట్టిగా చెప్పింది. ఆ సంవత్సరమే చట్టం సవరించి 182ఏ అని కొత్త సెక్షన్ పెట్టారు, అనుమతి లేని మార్పు చేయించుకున్న ఓనర్‌కి ఒక్కో మార్పుకీ ఐదు వేలు, లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు.

ఒక్కో మార్పుకీ అన్న మాట కుర్రాళ్ళకి తెలీదు. మీ ఆర్‌సీ కార్డు ఒకసారి తీసి చూడండి, ఇంజన్ నంబరు చాసిస్ నంబరే కాదు, రంగు, సీసీ, ఖాళీ బండి బరువు, వీల్‌బేస్ (అంటే రెండు చక్రాల మధ్య దూరం), ఎంతమంది కూర్చోవచ్చు, ఇవన్నీ ఉంటాయి. ఇప్పుడు కెఫే రేసర్, అంటే పాతకాలం రేసు బండిలా ఉండే బైకు, కావాలని ఒకడు పాత బండి తెస్తాడు. వెనక సబ్‌ఫ్రేమ్ (సీటుని మోసే భాగం) కోసి సింగిల్ సీటు పెట్టమంటాడు, కార్డులో ఇద్దరని ఉంది, అక్కడే తేడా వచ్చేసింది. ముందు ఫోర్కు పొడుగు చేయమంటే వీల్‌బేస్ మారిపోద్ది. వెనక మడ్‌గార్డూ శారీగార్డూ పీకేయమంటాడు, పిలియన్ సీటున్న బండికి వెనక చక్రం సగమన్నా కప్పే గార్డు, చేత్తో పట్టుకోడానికి హ్యాండిల్, కాళ్ళు పెట్టుకునే ఫుట్‌రెస్టు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో 123వ రూలు. ఆ గార్డు లేక చీర కొంగో చున్నీయో చక్రంలో చుట్టుకుని పడిపోయినవాళ్ళ సంగతి మీ పేపర్లోనే చదువుతుంటాం. ఇక నంబర్ ప్లేటు తీసుకెళ్ళి సీటు కింద ఎక్కడో దాచమంటాడు. ఇన్ని చేయించుకుని రంగు ఒక్కటి దరఖాస్తు పెట్టి ఆర్‌సీలో మార్పించుకుంటాడు, ఎందుకంటే అదొక్కటే ఇబ్బంది లేకుండా అయ్యే పని.

ఇంకో విచిత్రం, శబ్దం. 175 సీసీ దాటిన మోటార్‌సైకిల్‌కి 80 డెసిబెల్స్ అని లిమిటు ఉంది, కానీ అది కంపెనీవాడు మోడల్‌కి అప్రూవల్ తెచ్చుకునేటప్పుడు టెస్ట్ ట్రాక్ మీద కొలిచేది. మనం పెట్రోల్ బంకు దగ్గర పొల్యూషన్ సర్టిఫికెట్ చేయించుకుంటామే, అక్కడ గొట్టంలో పుల్ల పెట్టి పొగ చూస్తారు, శబ్దం ఊసే ఉండదు. రోడ్డు మీద ఆపిన కానిస్టేబుల్ గారికి చెవే మీటరు. అందుకని కంపెనీ సైలెన్సరే తుప్పు పట్టి చిల్లు పడ్డవాడూ దొరుకుతాడు, కావాలని పెద్ద మోత మోగే పంజాబ్ సైలెన్సర్ పెట్టినవాడూ దొరుకుతాడు, ఇద్దరికీ ఒకటే చలానా. అమ్మినోడి షాపు మాత్రం మర్నాడు మామూలే.

బండికి పదిహేనేళ్ళు నిండితే ఆర్‌సీ రెన్యువల్‌కి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారికి చూపించాలి కదా, తమాషా అంతా అప్పుడు చూడాలి. ముందు రోజు సాయంత్రం షెడ్డుల చుట్టూ తిరుగుతారు, "అన్నా కంపెనీ సైలెన్సర్ ఉందా, రేపు ఒక్క పూటకే, అద్దాలు కూడా ఇవ్వు" అని. హ్యాండిల్ కింద ఉండే హెడ్ పైపు దగ్గర పెయింటు గీకి, చాసిస్ నంబరు మీద కాయితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీస్తారు, నంబరు కలిస్తే లైటు, హారను, బ్రేకు చూస్తారు, పనైపోద్ది. మధ్యాహ్నానికి అద్దెకి తెచ్చిన సైలెన్సర్ వెనక్కొచ్చేస్తది. ఇంతకీ ఆ కోసిన ఫ్రేమ్ మీద వెల్డింగు లోపలిదాకా దిగిందా, పై పైన కరిగి ఊరుకుందా అని చూసినవాడు ఎవడూ లేడు, రేపు గుంతలో పడితే విరిగేది అదే. పైగా ఇన్సూరెన్సువాడికి చెప్పకుండా మార్చిన బండి యాక్సిడెంటైతే క్లెయిమ్ దగ్గర ఎన్ని కొర్రీలు పెడతారో అనుభవించినవాళ్ళకే తెలుసు.

అమ్మ పెట్టా పెట్టదు అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది అండి. బయట దేశాల్లో ఇలా లేదు. జర్మనీలో హ్యాండిల్ బార్ మార్చినా దానికి అప్రూవల్ కాయితం ఉండాలి, లేకపోతే టీయూవీ లాంటి తనిఖీ సంస్థకి బండి చూపించి మార్పుని కాయితాల్లో రాయించుకోవాలి, రెండేళ్ళకోసారి మళ్ళీ తనిఖీ ఉంటది. బ్రిటన్‌లో ఇంట్లో తయారుచేసుకున్న బైకుకి కూడా ఆ ఒక్క బండినే పరీక్ష చేసి అప్రూవల్ ఇచ్చే పద్ధతి ఉంది. మన దగ్గర పూణేలో ఏఆర్ఏఐ, మనేసర్‌లో ఐక్యాట్ అని బండ్లు పరీక్షించే సంస్థలు ఉన్నాయి గానీ అవి కంపెనీ మోడళ్ళకి పనికొచ్చేవి, ఒక్క బండి పట్టుకుని మామూలు మనిషి పోయేవి కావు. అలాగని చట్టం అడ్డు అనడానికీ లేదు, ఏ మార్పుకి ఏ కొలతలు, ఏ షరతులు అని కేంద్రమే నిర్ణయించొచ్చని 2019 సవరణలోనే 52వ సెక్షన్‌లో చేర్చారు. ఎలక్ట్రిక్ కన్వర్షన్ కిట్లకి, గ్యాస్ కిట్లకి షరతులు పెట్టి దారి ఇచ్చారు కదా, హ్యాండిలుకీ సీటుకీ సైలెన్సర్‌కీ ఎందుకు ఇవ్వరు?

అసలు నేను ఈ ఉత్తరం రాయడానికి పెద్ద కారణం ఫ్యాషన్ బండ్లు కాదు. మా షెడ్డులో ఎక్కువగా చేసేది స్కూటర్లకి సైడ్ వీల్స్. పోలియో వచ్చినవాళ్ళు, యాక్సిడెంట్లో కాలు పోయినవాళ్ళు వస్తారు. వీళ్ళకి చట్టం తలుపు తెరిచే పెట్టింది, ముందు బండి మార్పించుకుని తర్వాత ఆర్టీవో అనుమతి తీసుకోవచ్చు, చేయించిన పద్నాలుగు రోజుల్లోపు చెప్పాలి. రాతలో బాగానే ఉంది. మొన్న ఒక తమ్ముడు, సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఉందని ఇచ్చేది) ఉంది, టైలర్ పని చేసుకుంటాడు, నా దగ్గరే కిట్ వేయించుకుని పట్టుకెళ్ళాడు. లైసెన్స్ టెస్టుకి నీ బండి నువ్వే తెచ్చుకో, మా దగ్గర అలాంటిది లేదన్నారు. తీసుకెళ్తే ఆర్‌సీలో ఇంకా మామూలు స్కూటరే ఉంది, ముందు అది మార్పించుకో అన్నారు. ఆర్‌సీ సెక్షనుకి పోతే కిట్ కాయితం ఏది, లైసెన్స్ ఏది అన్నారు. కౌంటర్‌కో మాట. కాళ్ళు సరిగా లేని మనిషిని మెట్లెక్కించి దించడం తప్ప అక్కడ జరిగిందేం లేదు, మధ్యలో ఏజెంట్ వచ్చి "నేను చూసుకుంటా అన్నా" అనడం మామూలే.

సైడ్ వీల్స్ బండిలో చూడాల్సినవి వేరే ఉన్నాయి. పక్క చక్రాలు మరీ కిందకి పెట్టారనుకోండి, చిన్న గుంత రాగానే మధ్య చక్రం గాల్లో తిరుగుద్ది, ఆ క్షణం ఇంజనూ లాగదు, వెనక బ్రేకూ పట్టదు. మరీ పైకి పెడితే బండి ఊగుద్ది. మన రోడ్లకి ఒక పక్క వాలుంటది, ఈ బండి మామూలు స్కూటర్‌లా వంగదు కాబట్టి హ్యాండిల్ ఎప్పుడూ ఎడమకే లాగుద్ది, మలుపులో కాస్త స్పీడుగా తిప్పితే లోపలి పక్క చక్రం లేస్తది. బ్రాకెట్ నట్లు ఊడకుండా లాక్ నట్లు వేశారా, కాలితో తొక్కలేని మనిషికి బ్రేకు చేతికి అందుతోందా, ఇవి ఖాళీ స్థలంలో నాలుగు రౌండ్లు తిప్పి చూస్తే చాలు. ఇన్‌స్పెక్టర్ గార్లకి చేతకాక కాదు, ఏం చూడాలో రాసిన కాయితం వాళ్ళ చేతిలో ఉన్నట్టు నాకైతే కనపడలేదు.

రవాణా శాఖ వాళ్ళని నేను అడిగేది పెద్దదేం కాదు. సైడ్ వీల్స్ బండికి ఏమేం చూస్తారో ఒక్క పేజీ తెలుగులో రాసి ప్రతి ఆఫీసు గోడకీ అంటించండి. ఆర్‌సీ మార్పు, లైసెన్స్ టెస్టు ఒకే రోజు ఒకే ఇన్‌స్పెక్టర్ గారి దగ్గర అయ్యేలా చూడండి, అదీ కింది అంతస్తులో. ఆ తర్వాత కేంద్రానికి రాసి మామూలు బైకుల మార్పులకి కూడా ఒక లిస్టు తెప్పించండి, ఫీజు ఎంతైనా పెట్టండి, వెల్డింగు చేసిన షెడ్డువాడి సంతకం కూడా దాని మీద పెట్టించండి. పెట్టడానికి నేను రెడీ.

ఇట్లు
టూవీలర్ మెకానిక్, ఆటోనగర్, విజయవాడ