మన తెలుగు సంఘం 2025 వార్షిక నివేదిక: పండగలు, శనివారం ట్యూషన్, పొకీప్సీ బడుల డబ్బు లెక్క

సభ్యులందరికీ నమస్కారం.

గడిచిన ఏడాది సంఘం చేసిన పనులను కార్యవర్గం తరఫున మీ ముందు పెడుతున్నాను. పండగల సంగతి ముందు చెప్పేస్తాను. జనవరిలో సంక్రాంతికి ముగ్గులు, బొమ్మల కొలువు, చిన్నపిల్లలకు భోగిపళ్లు. మార్చి 30న విశ్వావసు నామ సంవత్సర ఉగాది, పంచాంగ శ్రవణం, పిల్లల పద్యాలు. సెప్టెంబరు చివర్లో బతుకమ్మ. నదీతీరాన ఆడుకోవాలని అనుకున్నాం కానీ వాన వల్ల హాల్లోనే ఆడాం. దీపావళి తర్వాత కార్తీక వనభోజనాలు. ఆదివారం తెలుగు తరగతులు ఎప్పటిలాగే నడుస్తున్నాయి. గుణింతాలు దాటిన పిల్లలు ఈసారి పెరిగారు. వాళ్ల కోసం కథల పుస్తకాలు తెప్పించాం. వంటల దగ్గర, స్టేజీ దగ్గర, పార్కింగ్ దగ్గర నిలబడి పనిచేసిన ప్రతి ఒక్కరికీ కృతజ్ఞతలు.

ఈ ఏడాది మన సమయం, మన చర్చలు ఎక్కువగా తీసుకున్నది శనివారం ట్యూషన్. దానితోపాటు న్యూయార్క్ రాష్ట్రంలోని మన పొకీప్సీ సిటీ బడులకు రాష్ట్రం ఇచ్చే డబ్బు విషయం. దీని గురించి కొంచెం వివరంగా రాస్తున్నాను. ఇందులో సంఘం ఎందుకు తలదూర్చింది అని చాలామంది అడిగారు. ఆ ప్రశ్నకు పూర్తి సమాధానం ఇవ్వాల్సిన బాధ్యత మాది.

పండగలకు మనం హాలు అద్దెకు తీసుకునేది సిటీలో. మన ఇళ్లు మాత్రం ఎక్కువగా వాపింజర్స్, ఆర్లింగ్టన్, స్పాకెన్‌కిల్ స్కూల్ డిస్ట్రిక్టుల్లో (సొంత బడులు, సొంత బడ్జెట్ ఉన్న పక్క ప్రాంతాల్లో) ఉన్నాయి. ఆ హాలుకు దగ్గర్లోనే ఒక చర్చి కింది అంతస్తులో ఫిబ్రవరి నుంచి శనివారాలు ఉదయం పదింటి నుంచి పన్నెండు దాకా లెక్కలు, ఇంగ్లిష్ చెప్పడం మొదలుపెట్టాం. మన హైస్కూలు పిల్లలు చెబుతారు, పెద్దవాళ్లం ఇద్దరు ముగ్గురం పక్కనే ఉంటాం. వచ్చేది సిటీ పిల్లలు. కొందరి ఇంట్లో స్పానిష్ తప్ప వేరే భాష లేదు. ఆరో తరగతి అబ్బాయి ఒకడు భిన్నాలు అసలు అర్థం కావడం లేదని వచ్చాడు. దోసెను ముక్కలుగా కోసినట్టు బొమ్మలు గీసి మనమ్మాయి చెప్పింది. మూడో శనివారానికి వాడే పక్కవాడికి చెప్పడం మొదలుపెట్టాడు. పిల్లల్లో లోపం ఏమీ లేదు. పక్కన కూర్చుని చెప్పే మనిషి కావాలి, అంతే.

ఒక రోజు ఒక పాప మన వాలంటీరును అడిగింది: "మీ స్కూల్లో ఆర్కెస్ట్రా ఉందా?" ఉందని చెప్పింది మనమ్మాయి. తర్వాత కారులో ఇంటికి వస్తూ వాళ్ల నాన్నగారిని అడిగిందట, ఇంత దగ్గర్లో ఉన్న రెండు బడుల మధ్య ఇంత తేడా ఎందుకని. ఆయన ఆ ప్రశ్నను కార్యవర్గ సమావేశానికి తెచ్చారు. మిగతా కథంతా అక్కడి నుంచే.

మనకు ఇది అర్థం కావడానికి టైమ్ పట్టింది. మనలో చాలామంది జిల్లా పరిషత్ హైస్కూళ్లలో, మునిసిపల్ బడుల్లో చదివినవాళ్లమే. అక్కడ మన మాస్టారి జీతం ప్రభుత్వ ట్రెజరీ నుంచి వచ్చేది. మన వీధిలో ఇళ్ల ఖరీదుకూ, మన బడిలో ఎంతమంది మాస్టార్లు ఉన్నారన్నదానికీ సంబంధం ఉండేది కాదు. ఇక్కడ అలా కాదు. స్కూల్ డిస్ట్రిక్ట్ గీత లోపల ఉన్న ఇళ్లు, షాపులు, ఆఫీసుల మీద వేసే ప్రాపర్టీ టాక్స్‌తో బడి ఖర్చులో పెద్ద భాగం నడుస్తుంది. ఐబీఎం పొకీప్సీకి 1941లో వచ్చింది. ఈ ప్రాంతానికి పేరు తెచ్చింది, మనలో ఎందరినో ఇక్కడికి రప్పించింది. అయితే సౌత్ రోడ్డులోని దాని పెద్ద క్యాంపస్ సిటీ సరిహద్దు దాటి స్పాకెన్‌కిల్ డిస్ట్రిక్టులో ఉంది. సిటీ లోపలేమో కౌంటీ (జిల్లా) ఆఫీసులు, కోర్టు, చర్చిలు, ఆసుపత్రి ఉన్నాయి. ఊరందరికీ పనికొచ్చేవే, కానీ వాటిలో చాలావాటికి టాక్స్ లేదు. సుమారు 32 వేల జనాభా ఉన్న చిన్న సిటీకి అవసరాలు పెద్దవి, టాక్స్ వేయడానికి ఆస్తి తక్కువ. 1993లో ఐబీఎం వేల మందిని తీసేసినప్పుడు తగిలిన దెబ్బ గురించి పాత సభ్యులు ఇప్పటికీ చెబుతారు.

ఈ తేడాను పూడ్చడానికే న్యూయార్క్ రాష్ట్రంలో ఫౌండేషన్ ఎయిడ్ ఉంది, అంటే బడులకు రాష్ట్రం ఇచ్చే ప్రధాన సాయం. 2007లో పెట్టారు. ఏప్రిల్‌లో మన సమావేశంలో దీన్ని బోర్డు మీద రాసి చెప్పాం. రాలేనివాళ్ల కోసం ఇక్కడ మళ్లీ చెబుతున్నాను. మొదట ఒక్కో పిల్లకు ఇంత అని ఒక మూల మొత్తం. దాన్ని పిల్లల అవసరాన్ని బట్టి 1 నుంచి 2 మధ్య ఉండే ఒక అంకెతో గుణిస్తారు. పేద పిల్లలు, ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలు ఎక్కువుంటే ఈ అంకె పెరుగుతుంది. తర్వాత ఆ ప్రాంతంలో జీతాలు ఎంత ఉన్నాయో చూసి ఇంకో అంకెతో గుణిస్తారు. మన హడ్సన్ లోయకు అప్పటికి అది 1.314, న్యూయార్క్ సిటీకీ లాంగ్ ఐలాండ్‌కూ 1.425. చివరికి ఆ ఊరివాళ్ల ఆదాయం, ఆస్తి చూసి, వాళ్లు సొంతంగా ఇంత పెట్టుకోగలరు అనుకున్న మొత్తాన్ని తీసేస్తారు. మిగిలింది రాష్ట్రం ఇస్తుంది.

అర్థం కావడానికి ఊహించిన అంకెలతో ఒక లెక్క. మూల మొత్తం 8,000 డాలర్లు అనుకుందాం. అవసరాల అంకె 1.8 ఉన్న బీద డిస్ట్రిక్టులో, 1.314తో గుణిస్తే, పిల్లకు సుమారు 18,900 డాలర్లు కావాలని తేలుతుంది. ఊరి వాటా 5,000 అనుకుంటే రాష్ట్రం 13,900 ఇవ్వాలి. అదే అవసరాల అంకె 1.3, ఊరి వాటా 10,000 ఉన్న డిస్ట్రిక్టుకు రాష్ట్రం నుంచి వచ్చేది 3,700 లోపే. నా దృష్టిలో ఈ పద్ధతి న్యాయమైనది. ఇబ్బందంతా దీన్ని నడిపిన తీరులో వచ్చింది.

పెట్టిన రెండేళ్లకే ఆర్థిక మాంద్యం వచ్చింది. పెంపు ఆపేశారు. 2010 నుంచి కొన్నేళ్లపాటు రాష్ట్ర బడ్జెట్ లోటు పూడ్చడానికి బడులకు ఇచ్చే సాయంలోంచే కోత కోశారు. ఆస్తి ఉన్న ఊళ్లు టాక్స్ పెంచి సర్దుకున్నాయి. చిన్న సిటీలకు ఆ దారి లేదు. 2011లో ప్రాపర్టీ టాక్స్ పెంపు మీద పరిమితి కూడా పెట్టారు, 2 శాతం లేదా ద్రవ్యోల్బణం, ఏది తక్కువైతే అది. దాన్ని దాటాలంటే ఓటర్లలో 60 శాతం ఒప్పుకోవాలి. ఒక మాదిరి ఇంటి మీద పెరిగే టాక్స్‌ను పెన్షన్ మీద బతికే పెద్దావిడ కూడా కట్టాలి కదా. ఆవిడ వద్దంటే ఆవిడను తప్పు పట్టలేం.

ఈలోగా చిన్న సిటీలు కోర్టుకు వెళ్లాయి. మైస్టో కేసు అంటారు. జేమ్స్‌టౌన్, కింగ్‌స్టన్, మౌంట్ వెర్నన్, న్యూబర్గ్, నయాగరా ఫాల్స్, పోర్ట్ జర్విస్, పొకీప్సీ, యూటికా, ఈ ఎనిమిది ఊళ్ల పిల్లల తరఫున 2008లో వేసిన కేసు. ఒక మాట ఇక్కడ చెప్పాలి, మన సమావేశంలో చాలామంది గందరగోళపడ్డారు. న్యూయార్క్ రాష్ట్రంలో సుప్రీం కోర్టు అంటే కేసు మొదట విచారించే కోర్టు, పై కోర్టు కాదు. ఆ కోర్టు రెండుసార్లు కేసు కొట్టేసింది. 2021 మేలో అప్పీలు కోర్టు ఆ ఎనిమిది ఊళ్ల పిల్లలకు రాజ్యాంగం చెప్పిన చదువు అందడం లేదని తేల్చింది. కేసు వేసిన రోజున ఒకటో తరగతిలో ఉన్న పిల్ల ఆ తీర్పు వచ్చేనాటికి హైస్కూలు దాటే వయసుకు వచ్చేసింది. నాకు ఈ విషయం తలుచుకుంటే బాధగా ఉంటుంది. ఆ పిల్ల చదువుకోవాల్సిన ఏళ్లన్నీ కోర్టులోనే అయిపోయాయి.

మంచి మార్పులూ వచ్చాయి. 2021 నుంచి మూడేళ్లలో ఫౌండేషన్ ఎయిడ్ మొత్తాన్ని లెక్క ప్రకారం ఇచ్చే స్థితికి రాష్ట్రం 2023-24లో చేరింది. 2023 నవంబరులో ఓటర్లు చిన్న సిటీలకున్న ఇంకో అడ్డంకి తీసేశారు. 1,25,000 లోపు జనాభా ఉన్న సిటీల బడులు అక్కడి ఆస్తి విలువలో 5 శాతం దాటి అప్పు చేయకూడదని రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉండేది. పక్క డిస్ట్రిక్టులకు మాత్రం 10 శాతం. అంటే పైకప్పు కారే పాత భవనాలున్న ఊరికే మరమ్మతుకు అప్పు తక్కువ పుట్టేది. ఆ నిబంధన పోయింది.

ఇక ఈ ఏడాది మన పని. 2024లో గవర్నర్ కాథీ హోకుల్ ఒక ప్రతిపాదన పెట్టారు. పిల్లల సంఖ్య తగ్గినా ముందటి ఏడాది కంటే సాయం తగ్గకూడదు అన్న రక్షణను తీసేయాలని. శాసనసభ ఒప్పుకోలేదు. దాని బదులు మొత్తం లెక్కను తిరిగి చూడమని రాష్ట్ర రాజధాని ఆల్బనీలోని పరిశోధన సంస్థ రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌కు అప్పగించారు. 2024 డిసెంబరులో ఆ నివేదిక వచ్చింది. జనవరి నుంచి మేము దాన్ని వంతులవారీగా చదివి, తెలుగులో చిన్న నోట్సు తయారుచేశాం. చదువుతుంటే మాకు నమ్మశక్యం కాని విషయం ఒకటి బయటపడింది. పేద పిల్లలు ఎంతమంది అని తేల్చడానికి 2024-25 వరకూ వాడుతున్న అంకెల్లో ఒకటి 2000 సంవత్సరపు జనాభా లెక్కలది. ఆ ఏడాది పుట్టిన పిల్లలకు ఇప్పుడు పాతికేళ్లు.

మార్చిలో ఆరుగురం ఆల్బనీ వెళ్లి మన ప్రాంత ప్రతినిధుల సిబ్బందిని కలిశాం. పాత జనాభా లెక్క తీసేయండి, అవసరాల అంకెలో ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లలకు ఇచ్చే వెయిటేజీ పెంచండి, ప్రాంతాల జీతాల అంకెను కొత్తగా లెక్కించండి అని అడిగాం. వాళ్లు ఓపికగా విన్నారు. మనమ్మాయి తన శనివారం అనుభవాన్ని ఒక పేజీలో రాసి చదివింది. మా అందరి మాటల కంటే అదే బాగా పనిచేసిందని నా నమ్మకం.

ఏప్రిల్ 1కి రావాల్సిన రాష్ట్ర బడ్జెట్ మే నెలలోకి జారింది. దానితో డిస్ట్రిక్టులన్నీ రాష్ట్రం ఎంత ఇస్తుందో తెలియకుండానే తమ బడ్జెట్ వేసుకుని టెన్షన్ పడ్డాయి. చివరికి వచ్చిన బడ్జెట్లో ఫౌండేషన్ ఎయిడ్ 2,600 కోట్ల డాలర్లు దాటింది. 2000 లెక్కలు పోయి, ఏటా వచ్చే సెన్సస్ బ్యూరో అంచనాలు వచ్చాయి. బడిలో ఉచితంగా, తక్కువ ధరకు లంచ్ కోసం ఇచ్చే ఫారాల లెక్క బదులు ప్రభుత్వ సహాయ పథకాల్లో ఉన్న కుటుంబాల పిల్లల లెక్క తీసుకున్నారు. ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల వెయిటేజీ 0.50 నుంచి 0.53 అయింది. చిన్న పెంపే. జీతాల అంకె మనకు దక్షిణాన ఉన్న వెస్ట్‌చెస్టర్‌కు మాత్రం పెంచారు, మనం ఉన్న డచెస్ కౌంటీకి పెంచలేదు. అందరికీ కనీసం 2 శాతం పెంపు ఇచ్చారు. రాష్ట్రమంతా బడి పిల్లలకు ఉచిత భోజనం కూడా ఇదే బడ్జెట్లో వచ్చింది.

ఇంకా రెండు దిగుళ్లు మిగిలాయి. కేంద్రం గీసిన పేదరికపు గీత మిసిసిపీలోనూ పొకీప్సీలోనూ ఒకటే. ఇక్కడి అద్దెలు అక్కడ లేవు. ఆ గీతకు కాస్త పైనున్న కుటుంబం ఇక్కడ నిజంగా కటకటలాడుతుంది, కానీ ఆ పిల్లలు కొత్తగా తెచ్చిన సెన్సస్ అంచనాల లెక్కలో పడరు. రెండోది, వీసా భయంతో సహాయ పథకాలకు దరఖాస్తు పెట్టని కుటుంబాలు. కాగితం మీద లేని పిల్ల లెక్కలోనూ ఉండదు. వచ్చే మార్చిలో ఆల్బనీలో మనం మాట్లాడాల్సినవి ఇవే.

సభ్యుల అభ్యంతరాలూ దాచకుండా చెప్పాలి. మనది సాంస్కృతిక సంఘం, రాజకీయాలు ఎందుకు అని ఒక పెద్దాయన ఉత్తరం రాశారు. ఆయన మాట గౌరవంతో చర్చించాం. పన్ను మినహాయింపు ఉన్న సంఘం కాబట్టి ఏ అభ్యర్థినీ బలపరచకూడదు, బలపరచలేదు. చట్టం ఎలా పనిచేస్తుందో చెప్పడం, మన అభిప్రాయం పరిమితంగా వినిపించడం చేయవచ్చు. ఇంకొందరు, సిటీకి ఎక్కువ ఇస్తే మన డిస్ట్రిక్టుకు కోత పడదా అని అడిగారు. పడవచ్చు. 2024 ప్రతిపాదన అమలై ఉంటే రాష్ట్రంలో చాలా డిస్ట్రిక్టులకు తగ్గేది. మన ఇళ్ల విలువ, మన పిల్లల బడి మీద ఆ భయం సహజం. అయినా అవసరం ఎక్కువున్న చోటికి డబ్బు ఎక్కువ వెళ్లాలన్నదే కార్యవర్గంలో ఎక్కువమంది మాట, నా మాట కూడా. ఇద్దరు ఒప్పుకోలేదు. ఆ సంగతి మినిట్స్‌లో రాశాం.

మే 20 స్కూల్ బడ్జెట్ ఓటుకు ముందు రెండు ఆదివారాలు తెలుగు తరగతి అయ్యాక తల్లిదండ్రులకు బ్యాలెట్ చదవడం చూపించాం. ఓటు వేయడానికి సిటిజన్ అయి ఉండాలి, ఆ డిస్ట్రిక్టులో కనీసం 30 రోజులు ఉండాలి. హెచ్1 మీద, గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్లకు ఓటు లేదు. కానీ బడ్జెట్ మీద జరిగే బహిరంగ సభలో ఎవరైనా వెళ్లి మాట్లాడవచ్చు. ఇది తెలియక ఇన్నేళ్లు ఇంట్లోనే ఉన్నామని ముగ్గురు నలుగురు చెప్పారు. ఒకావిడ మొదటిసారి మైకు ముందు నిలబడి మాట్లాడి వచ్చారు.

వచ్చే ఏడాది ఓటు మే 19న. గవర్నర్ బడ్జెట్ ప్రతిపాదన జనవరిలో వస్తుంది. దాన్ని చదివి తెలుగు నోట్సు రాయడానికి ముగ్గురు కావాలి. లెక్కలు వచ్చినవాళ్లైతే మంచిది.

జమాఖర్చుల వివరాలు కోశాధికారి విడిగా పంపారు. ట్యూషన్‌కు పెట్టిన ఖర్చు నోటుపుస్తకాలు, పలకలు, పళ్లు, చర్చివారికి కరెంటు నిమిత్తం ఇచ్చిన చిన్న మొత్తం మాత్రమే. ఆల్బనీ ప్రయాణానికి ఎవరి పెట్రోలు వాళ్లే పోసుకున్నారు. సంఘం డబ్బు వాడలేదు.

శనివారం ట్యూషన్ సంక్రాంతి తర్వాతి వారం మళ్లీ మొదలవుతుంది. స్పానిష్ వచ్చినవాళ్లు ఒక్కరైనా కావాలి, అమ్మలతో మాట్లాడటానికి చాలా ఇబ్బంది అవుతోంది. భిన్నాలు నేర్చుకున్న ఆ అబ్బాయి ఈసారి బీజగణితం కావాలంటున్నాడు. ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకాలు ఇంట్లో ఖాళీగా ఉన్నవాళ్లు భోగి రోజు హాలుకు తెచ్చి ఇవ్వండి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి