విండ్‌రష్ సాయంత్రం: జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన అందరికీ నమస్కారం. జూన్ 22న లండన్ బ్రిక్స్‌టన్‌లో కరీబియన్ ఇరుగుపొరుగుతో కలిసి మనం చేసుకున్న ఆట, నాటకం, కథల సాయంత్రం లెక్క ఇది.

జమ: 38 తెలుగు కుటుంబాల చందా 1,460 పౌండ్లు, టికెట్ల మీద 615, హుండీలో 217. మొత్తం 2,292.

"వాళ్ల పండగకి మన చందాలెందుకు?" అని కొందరు అడిగారు. 1948లో కరీబియన్ దీవుల నుంచి ఇంగ్లండ్ వచ్చిన ఎంపైర్ విండ్‌రష్ ఓడ దిగినవాళ్లలో 200 మందికి పైగా మొదటి రాత్రులు లండన్ క్లాపమ్ సౌత్ స్టేషన్ కింద, యుద్ధకాలపు షెల్టర్‌లో పడుకున్నారు. రంగు చూసి అద్దెకి గది ఇవ్వని ఊళ్లో నిలదొక్కుకున్నారు. పిల్లలు వేసిన నాటకం ఆ షెల్టర్ గురించే. ఆ వెనక వచ్చిన మనకి దారి కాస్త సులువైందంటే అది వాళ్ల చలవే. 1958లో లండన్ నాటింగ్ హిల్‌లో నల్లవాళ్ల మీద దాడులు జరిగాక, ట్రినిడాడ్‌లో పుట్టిన క్లాడియా జోన్స్ 1959 జనవరి 30న సెయింట్ పాంక్రస్ టౌన్ హాల్లో కార్నివాల్ అనే కరీబియన్ ఆటపాటల పండగ పెట్టారు. దాని బ్రోషర్ అమ్మకం డబ్బులో కొంత, ఆ గొడవల్లో ఇరుక్కున్న నల్ల, తెల్ల కుర్రాళ్ల జరిమానాలకి వెళ్తుందని అందులోనే అచ్చు వేశారు. డబ్బు ఎటు పోతుందో అంత తేటగా చెప్పాలన్నదే మా తాపత్రయం.

ఖర్చులో పెద్దది కళాకారులకి ఇచ్చిన 980. గ్రెనడాలో పుట్టిన కథకురాలు, పెద్దావిడ, డబ్బు వద్దన్నారు. బతిమాలి ఇచ్చాం. శాలువా కప్పి పంపేయడం మాకు మనసొప్పలేదు. ఆవిడ "క్రిక్?" అంటే హాలంతా "క్రాక్!" అనాలి, లేకపోతే కథ కదలదు. మనం ఊ కొట్టడం లాంటిదే. ఘనా ప్రాంతపు అకాన్ జాతివాళ్ల నుంచి బానిస ఓడల్లో సముద్రం దాటిన అనాన్సీ సాలీడు కథకి మన పిల్లలు క్రాక్ అన్నారు, ఊ కూడా కొట్టారు.

హాలుకి 420. మాట్లాడుకున్నది 360. సామాను సర్దడం ఆలస్యమైందని ఇంకో 60 తీసుకున్నారు. ఆ షరతు ముందే కాగితం మీద రాయించుకోకపోవడం మా పొరపాటు, క్షమించాలి. భోజనాలు 365, మైకులు, లైట్లు 190, ప్రింటింగ్ 38.

వేషాల గుడ్డ, దారం 265. జమైకాలో జోన్‌కొనూ అనే వేషాల ఊరేగింపులో పిచీ ప్యాచీ అనే వేషం ఉంది. ఒంటినిండా రంగు రంగుల గుడ్డపేలికలే. చొక్కా మీద వరసలు వరసలుగా కుట్టాలి, గంతేస్తే ఒక్కో వరసా విడిగా ఎగరాలి. మూడు వారాంతాలు కూర్చుని కుట్టారు. గుడ్డ చాలనప్పుడు ఆడవాళ్లు పాత చీరలు తెచ్చారు. ఎడమ భుజం మీద మెరిసిన జరీ ఒక వెంకటగిరి చీర అంచు.

మొత్తం ఖర్చు 2,258. నిల్వ 34 పౌండ్లు, కోశాధికారి దగ్గర ఉన్నాయి. రసీదులన్నీ ఫైల్లో పెట్టాం, ఎవరైనా వచ్చి చూడొచ్చు. వేషం కూడా కోశాధికారి దగ్గరే మడతపెట్టి ఉంది. చీరలిచ్చినవాళ్లు వచ్చి తమ ముక్క వెతుక్కోవచ్చు.