భుజం ఎక్కించిన డాక్టరు

ఒరేయ్ బావా,

ఇన్నాళ్లూ రాయలేదని తిట్టుకోకు. ఆఫీసులో ఆడిట్ టెన్షన్, అమ్మకి కంటి ఆపరేషన్ (బాగానే అయింది), పిల్లాడి పరీక్షలు. అందరం కులాసా. వార్తలు ఇంతే. అసలు సంగతి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

జాన్ థామస్ అనే డాక్టరు గురించి ఎప్పుడైనా విన్నావా? 1793లో విలియం కేరీతో కలిసి బెంగాల్ వచ్చినవాడు. కేరీ అంటే మనకి తెలుసు, 1814లో తెలుగు వ్యాకరణం అచ్చు వేయించిన, బెంగాల్‌లోని శ్రీరాంపూర్ మిషనరీ దొర. పక్కనున్న ఈ డాక్టర్ని మాత్రం ఎవరూ తలుచుకోరు. నాకు భలే ఉక్రోషంగా ఉందిరా.

ఇంగ్లండులో ఫెయిర్‌ఫోర్డ్ ఊళ్లో 1757లో పుట్టాడు. ఓడలో సర్జన్‌గా పనిచేసి, తర్వాత బాప్టిస్టు బోధకుడయ్యాడు. మనసు వెన్న, చేతిలో పైసా నిలవదు. ఎక్కడికెళ్లినా అప్పులవాళ్లు వెనకే. మన ‘ఎల్లుండి ఖాయం’ గుర్తొచ్చాడా? నాకూ వాడే!

సరే, 1800 నవంబరుకి రా. శ్రీరాంపూర్‌లో కృష్ణ పాల్ అనే వడ్రంగి స్నానానికి దిగుతూ కాలు జారి పడ్డాడు. కుడి భుజం కీలు తప్పింది. వడ్రంగికి కుడి చెయ్యి పోతే ఇంకేముంది? మిషన్ ఇంట్లో డాక్టరున్నాడని విని కబురంపాడు. థామస్ పరుగున వచ్చాడు. మనిషిని చెట్టుకి కట్టేసి, కేరీ, తోటి మిషనరీ మార్ష్‌మన్ సాయం పడితే, కీలు ఎక్కించాడు. మత్తుమందు లేని రోజులురా అవి. బిగుసుకున్న కండ వదిలేదాకా లాగి పట్టుకోవాలని, అవతలివాడు ఎంత అరిచినా మన చెయ్యి వణక్కూడదని నువ్వే చెప్పేవాడివి. చదువుతున్నంతసేపూ నీ పీహెచ్‌సీ బల్లే కళ్ల ముందు.

నొప్పి తగ్గాక దేవుడి మాట మొదలైంది. కృష్ణ పాల్ మనసు కరిగింది. డిసెంబరు 22న వాళ్లతో కలిసి కూర్చుని అన్నం తిన్నాడు. కులం తప్పాడని జనం మీదపడి మేజిస్ట్రేటు దగ్గరికి ఈడ్చుకెళ్లారు. అయినా వెనక్కి తగ్గలేదు. 28న హుగ్లీ నదిలో బాప్తిస్మం. శ్రీరాంపూర్ అప్పుడు డెన్మార్క్ వాళ్లది కదా, వాళ్ల గవర్నరు కూడా వచ్చి చూశాడు.

ఇక్కడే నా గుండె పట్టేసిందిరా. ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఒక్క మనిషి దొరికేసరికి, ఆ సంతోషం తట్టుకోలేక థామస్‌కి మతి చలించింది! కేరీ ఒక పక్క కొడుకునీ, ఒక పక్క కృష్ణ పాల్‌నీ పెట్టుకుని నీళ్లలోకి దిగుతుంటే, ఈయన గదిలో బందీగా అరుస్తున్నాడు. అవతలి గదిలో కేరీ భార్య డొరతీ, ఆవిడా మతి తప్పి, కేకలు. ఆ దారిన నడిచి రేవుకి వెళ్లిన కేరీ పరిస్థితి ఏమిటో... నాకైతే ఊహ సాగడం లేదు.

మరుసటి ఏడాది అక్టోబరులో దినాజ్‌పూర్‌లో థామస్ పోయాడు. నలభై నాలుగేళ్లు. కృష్ణ పాల్ మాత్రం ఇరవై ఏళ్లు బోధ చేసి, 1822లో కలరాతో పోయాడు. బోధకుడిగా థామస్‌ని ఎవరెలా తూచినా, ఆ భుజం ఎక్కించింది మాత్రం ఆయన చేతులేగా? నువ్వు కాదంటే ఒప్పుకోను. ఇంకా ఆ నీలిమందు ఫ్యాక్టరీ ముచ్చట ఉంది, కేరీ మదనాబతిలో, ఈయనేమో...

కింద ఆటోవాడు హారన్ మోగిస్తున్నాడు, రైలు టైమైంది. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
బావ